కోసి చూస్తే గాని తెలియని జబ్బులు

సర్జను అనగానే చాలామందికి కత్తీ, కత్తెరా గుర్తుకొస్తాయి. నిజానికి మా పనిలో కత్తి పట్టుకునే సమయం తక్కువ. రోగి చెప్పేది వినడం, కడుపు మీద చెయ్యి వేసి చూడటం, ఉన్న జబ్బేదో లేని జబ్బేదో తేల్చుకోవడం, పనిలో ముప్పాతిక వంతు ఇదే. దీనినే రోగనిర్ణయం అంటాం. నిర్ణయం సరిగా కుదిరితే ఆపరేషను ఒక పద్ధతి ప్రకారం సాగిపోతుంది. అది తప్పినా, ఆలస్యమైనా ఎంత నేర్పున్న చెయ్యి అయినా చేయగలిగింది కొంచెమే.

వార్షిక సంచికకు ఏదైనా వ్రాయమని విద్యార్థి సంఘం వారు అడిగినప్పుడు ఈ విషయాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఈ సంచిక చదివేవారిలో డాక్టర్లయ్యేవారు బహుశా కొద్దిమందే. కాని రోగిగానో, రోగి బంధువుగానో ఎప్పుడో ఒకప్పుడు ఆసుపత్రి మెట్లు ఎక్కనివారు ఉండరు. డాక్టరుకు జబ్బు ఎందుకు వెంటనే దొరకదు, దొరకడానికి మనవైపు నుంచి ఏం కావాలి అన్నది అందరికీ తెలిసి ఉండవలసిన సంగతి. చరిత్రకెక్కిన కొన్ని కేసులూ, వార్డులో నేను చూసిన ఒకటి రెండూ కలిపి ఆ సంగతి చెప్పడానికి ప్రయత్నిస్తాను.

కవలలు కాదు, కణితి

1809 డిసెంబరులో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో ఎఫ్రెయిమ్ మెక్‌డొవెల్ అనే డాక్టరుకు దూరపు ఊరి నుంచి కబురు వచ్చింది. జేన్ టాడ్ క్రాఫర్డ్ అనే ఇల్లాలికి కడుపు విపరీతంగా పెరిగిపోయింది. వయసు నలభై అయిదు దాటింది. నెలలు నిండిపోయాయి, కాన్పు మాత్రం కావడం లేదు. అక్కడి వైద్యులు కవల పిల్లలన్నారు. మెక్‌డొవెల్ గుర్రమెక్కి వెళ్లి పరీక్షించి చూస్తే గర్భసంచి మామూలుగానే ఉంది. పెరిగింది బిడ్డ కాదు, అండాశయంలో కణితి.

అప్పటికి కడుపు కోసి అలాంటి కణితిని తీసి రోగిని బతికించినవాడు లేడు. ఆ మాట ఆయన దాచకుండా చెప్పాడు. మా ఊరు డాన్విల్‌కు వస్తే ప్రయత్నిస్తానన్నాడు. ఆమె ఆ కడుపుతోనే గుర్రం మీద దాదాపు 60 మైళ్లు ప్రయాణం చేసి వచ్చింది. క్రిస్మస్ నాడు ఆపరేషను జరిగింది. ఈథరు మత్తు 1846లో గాని లోకానికి తెలియలేదు గనుక ఆమె స్పృహలోనే ఉండి, దైవప్రార్థన చేసుకుంటూ ఓర్చుకుంది. 25 నిమిషాల్లో పది కిలోల పైచిలుకు కణితి బయటికి వచ్చింది. అయిదో రోజున డాక్టరు వెళ్లి చూస్తే ఆమె లేచి తన పక్క తానే సర్దుకుంటున్నదట. ఆ తరువాత మరి 32 సంవత్సరాలు బతికింది.

మొదట చూసిన వైద్యులు తెలివితక్కువవారేమీ కాదు. పెళ్లయిన స్త్రీ కడుపు పెరిగితే లోకమంతా అనుకునేదే వారూ అనుకున్నారు. మా వృత్తిలో ఎక్కువ తప్పులు ఇలాగే జరుగుతాయి. తెలియక జరిగేవి తక్కువ, తెలిసినదే కాబోలు అనుకోవడం వల్ల జరిగేవి ఎక్కువ. మెక్‌డొవెల్ గొప్పతనం కత్తి పట్టడంలో ఎంత ఉందో, నలుగురూ ఒప్పుకున్న జవాబును మళ్లీ మొదటి నుంచి పరీక్షించడంలోనూ అంతే ఉంది.

రాతి బిడ్డ

దీనికి సరిగ్గా తిరగబడిన కథ ఫ్రాన్సు దేశంలోని సాన్స్ పట్టణంలో 1582లో బయటపడింది. కొలొంబ్ షాత్రీ అనే ఆమె 68వ యేట చనిపోయింది. నలభయ్యో యేట గర్భం ధరించి, నొప్పులు కూడా వచ్చి, కాన్పు మాత్రం కాలేదు. అప్పటి నుంచి కడుపులో గట్టిగా ఏదో ఉందని, నొప్పిగా ఉంటోందని చెప్పుకుంటూనే 28 ఏళ్లు గడిపింది. మరణించిన తరువాత కోసి చూస్తే కడుపులో రాయిలా గట్టిపడిన నిండు శిశువు కనిపించింది. ఝాన్ దాయెబూస్త్ అనే వైద్యుడు దీనిని గ్రంథస్థం చేశాడు. ఆ రాతి బిడ్డ చేతులు మారి మారి చివరికి డెన్మార్కు రాజుగారి వింత వస్తువుల సేకరణలోకి చేరింది.

ఇందులో మాయ ఏమీ లేదు. బహు అరుదుగా పిండం గర్భసంచిలో కాక కడుపు కుహరంలో పెరుగుతుంది. అక్కడ అది చనిపోతే, చిన్నదైతే శరీరం క్రమంగా కరిగించేసుకుంటుంది. పెద్దదైతే కరిగించలేదు, బయటికి పంపే దారీ లేదు. కుళ్లితే ప్రాణాపాయం. అందుకని శరీరమే దాని చుట్టూ, దానిలోనూ కాల్షియం లవణాలను పేర్చి గోడ కట్టినట్టు వేరు చేసేస్తుంది. ఇప్పటికీ అప్పుడప్పుడు వృద్ధ స్త్రీలకు వేరే కారణం మీద ఎక్స్‌రే తీసినప్పుడు ఇలాంటివి బయటపడుతుంటాయి. ఇందులో నన్ను కదిలించేది ఆ రాయి కాదు. 28 సంవత్సరాలు ఒక మనిషి నా కడుపులో ఏదో ఉందని చెబుతూ వచ్చింది, ఆమె చెప్పింది అక్షరాలా నిజం.

మన దేశంలోనే 1999లో మరో విచిత్రం జరిగింది. నాగపూర్ ప్రాంతపు రైతు ఒకతను, వయసు 36. చిన్నప్పటి నుంచీ కడుపు కొంచెం ఎత్తుగానే ఉండేది. పోనుపోను నిండుచూలాలి కడుపులా అయింది. చివరికి ఊపిరి ఆడకపోయేసరికి ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రికి తీసుకువెళ్లారు. పెద్ద కణితి అనుకుని కోసిన సర్జన్ల చేతికి లోపల ఎముకలు, అవయవాల రూపాలు, జుట్టు తగిలాయి. అది అతని కవల. తల్లి గర్భంలో ఉన్నప్పుడే ఒక పిండం రెండవదాని శరీరంలో చిక్కుకుపోయి, దాని రక్తం మీదే ఆధారపడి పరాన్నజీవిలా ఉండిపోయిందన్నమాట. సుమారు 5 లక్షల జననాలలో ఒకటి ఇలా ఉండవచ్చునని అంచనా. మామూలుగా ఇది పసితనంలోనే తెలిసిపోతుంది. అతని విషయంలో 36 ఏళ్లు పట్టింది.

చిటికెన వేలి కొన పట్టేంత రంధ్రం

అరుదైన కేసులన్నీ పెద్ద కడుపులతో రావు. 1579లో ఫ్రెంచి సర్జను ఆంబ్రాయిజ్ పారే వ్రాసిన కేసు చూడండి. ఒక సైన్యాధికారికి తుపాకి గుండు తగిలింది. గాయం మానింది, మనిషి తిరుగుతున్నాడు. కడుపునొప్పి మాత్రం వస్తూ పోతూ ఉండేది. ఎనిమిది నెలల తరువాత ఒకనాడు తీవ్రమైన నొప్పి వచ్చి చనిపోయాడు. శవపరీక్ష చేస్తే, ఛాతీకీ కడుపుకూ మధ్య తెరలాంటి కండరంలో చిటికెన వేలి కొన మాత్రమే పట్టేంత రంధ్రం ఉంది. ఆ రంధ్రంలోంచి పెద్ద పేగు ఛాతీలోకి దూరి బిగుసుకుని చచ్చిపోయింది. రంధ్రం పెద్దదైతే పేగు దూరినా తిరిగి జారివచ్చేదేమో, చిన్నది కాబట్టే పట్టు బిగిసింది.

ఈనాటికీ ఈ కేసు పాతబడలేదు. మోటారుసైకిలు ప్రమాదంలో పక్కటెముకలకు దెబ్బ తగిలి, నాలుగు రోజులు పడుకుని ఇంటికి వెళ్లినవాడు, ఏళ్ల తరువాత వాంతులతో, ఆయాసంతో రావచ్చు. అప్పుడు వచ్చిన డాక్టరుకు పాత ప్రమాదం సంగతి ఎవరూ చెప్పరు. రోగికే గుర్తుండదు. "ఎప్పుడైనా దెబ్బ తగిలిందా?" అని అడిగి, ఛాతీ ఎక్స్‌రే తీయించిన డాక్టరుకే అది దొరుకుతుంది.

ఇటువంటిదే మరొకటి. 1723లో డచ్చి నౌకాదళాధిపతి వాసెనార్ విందుభోజనం చేసిన తరువాత, అలవాటు ప్రకారం వాంతికి మందు పుచ్చుకున్నాడు. బలంగా వాంతి చేసుకునే ప్రయత్నంలో లోపల ఏదో తెగినట్టు భరించరాని నొప్పి వచ్చింది. ఐరోపా అంతటా పేరున్న వైద్యుడు బోర్‌హావ్ వచ్చి చూశాడు. జబ్బు ఏమిటో అంతుపట్టలేదు. ఒక రోజు గడవకముందే రోగి చనిపోయాడు. శవపరీక్షలో అన్నవాహిక నిలువునా తెగి ఉంది, తిన్నదీ తాగిందీ ఛాతీలో చేరింది. బోర్‌హావ్ 1724లో తాను చూసినదంతా, తనకు తెలియకపోయినదానితో సహా, పుస్తకంగా అచ్చువేయించాడు. ఇవాళ ఆ జబ్బుకు ఆయన పేరే ఉంది. వాంతి తరువాత ఛాతీలో తీవ్రమైన నొప్పి వస్తే ఆ పేరు గుర్తుకు తెచ్చుకునే డాక్టర్లు మనుషులను బతికిస్తున్నారు.

ఒక చిన్న తోక, పెద్ద చరిత్ర

ఇక అందరికీ తెలిసిన అపెండిసైటిస్ దగ్గరికి వద్దాం. పెద్ద పేగు మొదట్లో వేలెడంత తోకలా వేలాడే భాగానికి వచ్చే వాపు ఇది. దీనిని మొదట విజయవంతంగా కోసి తీయడం కూడా అనుకోకుండా జరిగిందే. 1735 డిసెంబరు 6న లండనులో క్లాడియస్ ఆమియాండ్ అనే సర్జను 11 ఏళ్ల బాలుడికి గజ్జల్లో వరిబీజానికి ఆపరేషను చేశాడు. లోపల కనిపించింది పేగు కాదు, అపెండిక్సు. పిల్లవాడు ఎప్పుడో మింగిన గుండుసూది దానిని పొడుచుకుని ఉంది. తీసివేశాడు, పిల్లవాడు బతికాడు.

అయినా ఆ పాఠం లోకం తలకెక్కడానికి నూట యాభై ఏళ్లు పట్టింది. 1886లో అమెరికా డాక్టరు రెజినాల్డ్ ఫిట్జ్ చెప్పేదాకా, కుడి వైపు పొత్తికడుపులో వచ్చే ఈ చీముకు మూలం ఆ చిన్న తోకేనని ఎక్కువమంది ఒప్పుకోలేదు. పెద్ద పేగు వాపు అనుకుని మందులిచ్చి కాలం గడిపేవారు. 1902లో ఇంగ్లండు రాజు ఏడవ ఎడ్వర్డుకు పట్టాభిషేకం జూన్ 26న అనగా ఇదే జబ్బు చేసింది. వాయిదా వేయడానికి రాజుగారు ఒప్పుకోలేదు. సర్జను ఫ్రెడరిక్ ట్రీవ్స్ పట్టుబట్టి జూన్ 24న రాజభవనంలోనే ఆపరేషను చేసి చీము తీశాడు. పట్టాభిషేకం ఆగస్టు 9న జరిగింది. ఆ జబ్బులో నిపుణుడైన ట్రీవ్స్ రెండేళ్ల ముందు, 1900లో, సొంత కూతురిని ఆ జబ్బుకే పోగొట్టుకున్నవాడు. ఆయన పట్టుదల వెనుక ఆ దుఃఖం లేదని ఎవరనగలరు?

మన గాంధీగారికీ ఇదే జరిగింది. ఎరవాడ జైలులో ఉండగా జబ్బుపడితే పూనాలోని సాసూన్ ఆసుపత్రికి మార్చి, 1924 జనవరి 12 రాత్రి కర్నల్ మాడక్ ఆపరేషను చేశాడు. మధ్యలో కరెంటు పోయింది. మిగిలిన పని లాంతరు వెలుగులో పూర్తిచేశారు. ఫిబ్రవరి 5న ప్రభుత్వం ఆయనను విడుదల చేసింది.

అందరికీ ఆ అదృష్టం పట్టలేదు. సంకెళ్లు విప్పుకునే ఇంద్రజాలికుడు హౌడిని 1926 అక్టోబరు 22న మాంట్రియల్‌లో ఉండగా ఒక విద్యార్థి అతని కడుపు గట్టిదనం పరీక్షించడానికి గుద్దులు గుద్దాడు. ఆ తరువాత వచ్చిన నొప్పిని దెబ్బల నొప్పి అనుకున్నాడు. 24న డెట్రాయిట్‌లో ఒళ్లు కాలిపోతున్న జ్వరంతోనే ప్రదర్శన ఇచ్చాడు. కోసేసరికి అపెండిక్సు పగిలి కడుపంతా విషం పాకింది. అక్టోబరు 31న చనిపోయాడు. పెన్సిలిన్ ఇంకా కనిపెట్టని కాలం అది. గుద్దు వల్లనే జబ్బు వచ్చిందా అన్నది అనుమానమే. కాని నొప్పికి చేతిలో సిద్ధంగా ఒక కారణం ఉండటం వల్ల అసలు కారణం వెదకలేదు. నిర్ణయం ఆలస్యం కావడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. సుమారు పదివేలమందిలో ఒకరికి లోపలి అవయవాలన్నీ అద్దంలో చూసినట్టు తారుమారుగా ఉంటాయి. గుండె కుడివైపు, కాలేయం ఎడమవైపు. వారికి అపెండిసైటిస్ వస్తే నొప్పి ఎడమవైపు వస్తుంది. అందుకే మా గురువులు కడుపు చూసే ముందు గుండె చప్పుడు ఎటు వినిపిస్తున్నదో చూడమనేవారు.

కుక్క ఉందా, పెద్దాయనా?

స్కానింగు ఇంకా అన్ని ఊళ్లకూ రాని రోజుల్లో, మా వార్డుకు గొర్రెలు కాసుకునే పెద్దాయన ఒకాయన వచ్చాడు. కుడి డొక్కలో ఉబ్బు. కాలేయం పెరిగింది. మన ప్రాంతంలో అలాంటిది చూడగానే అమీబా క్రిముల వల్ల వచ్చే చీముగడ్డ గుర్తుకు వస్తుంది. సూది పెట్టి చీము లాగడం దానికి అప్పటి వైద్యం. సూది, సిరంజి బల్ల మీదికి వచ్చాయి. అప్పుడు ఒక హౌస్‌సర్జను కుర్రవాడు, జ్వరం లేకపోవడం ఏమిటా అని అనుమానం వచ్చి, "కుక్క ఉందా, పెద్దాయనా?" అని అడిగాడు.

"కుక్క లేకుండా మంద ఎట్లా సారూ? రెండున్నాయి."

"ఈ గడ్డ ఎన్నాళ్ల నుంచి?"

"మా చిన్నోడి పెండ్లప్పటి నుంచి. వాడికిప్పుడు ఇద్దరు పిల్లలు."

సూది వెనక్కి పోయింది. ఎందుకో చెబుతాను. కుక్క పేగుల్లో ఉండే ఒక చిన్న బద్దెపురుగు గుడ్లు దాని మలంలో బయటికి వస్తాయి. గడ్డితో పాటు అవి గొర్రె కడుపులోకి పోతాయి. గొర్రె కాలేయంలో నీటితిత్తులు కడతాయి. గొర్రెను కోసినప్పుడు పారేసిన ఆ భాగాలు కుక్క తింటుంది. చక్రం పూర్తవుతుంది. కుక్కను నిమిరిన చేత్తో అన్నం తిన్న మనిషి ఈ చక్రంలో దారితప్పి ఇరుక్కుంటాడు. దీనిని హైడాటిడ్ తిత్తి అంటారు. ఎక్కువగా కాలేయంలో, తరువాత ఊపిరితిత్తుల్లో వస్తుంది. ఏళ్ల తరబడి నొప్పి లేకుండా మెల్లగా పెరుగుతుంది. గొర్రెల పెంపకం ఎక్కువగా ఉన్న మన తెలుగు ప్రాంతంలో ఇది కొత్త జబ్బు కాదు. చీముగడ్డ అనుకుని దానిలోకి సూది పొడిస్తే లోపలి నీరు కడుపులో చింది, ఒంటికి సరిపడక, అక్కడికక్కడే ప్రాణం పోవచ్చు. బతికినా చిందిన చోటల్లా కొత్త తిత్తులు మొలుస్తాయి. ఈనాడు స్కానింగు చూసి, ఆల్బెండజోల్ మాత్రలు ముందుగా ఇచ్చి, తగిన జాగ్రత్తలతో సూదితోనే వైద్యం చేసే పద్ధతి కూడా వచ్చింది. కాని అది హైడాటిడ్ అని తెలిసి చేయడం వేరు, తెలియక పొడవడం వేరు.

పెద్దాయనకు ఆపరేషను చేసి, చుట్టూ ఉప్పునీటి గుడ్డలు పరిచి, తిత్తిని తీశాం. నడిచి ఇంటికి వెళ్లాడు. ఆయన ప్రాణం నిలబెట్టింది యంత్రం కాదు, ఒక ప్రశ్న.

జడ కొస

పన్నెండేళ్ల ఆడపిల్ల. ఎముకల గూడులా ఉంది. తిన్నది కక్కుతోంది. కడుపు పైభాగాన చేతికి గట్టిగా తగిలే గడ్డ. అప్పటికి ఏడాదిగా నులిపురుగుల మందు వేశారు, దిష్టి తీశారు, కడుపు మీద వాతలు కూడా పెట్టారు. క్షయ అన్నవారున్నారు, క్యాన్సరేమోనని భయపెట్టినవారున్నారు. మాతో తల్లి అన్నీ చెప్పింది గాని అసలు మాట చెప్పింది అమ్మమ్మ: "చిన్నప్పటి నుంచీ జడ కొస నోట్లో పెట్టుకుంటది బాబూ, ఎంత కొట్టినా మానదు."

జుట్టు జీర్ణం కాదు. నున్నగా ఉంటుంది కాబట్టి జీర్ణకోశం కదలికలకు ముందుకు జరగదు, ముడతల్లో చిక్కుకుంటుంది. ఒకదానికొకటి పెనవేసుకుని చివరికి జీర్ణకోశం ఆకారంలోనే నల్లటి ఉండ తయారవుతుంది. ఇటువంటి కేసును మొదట 1779లో బోదమాన్ అనే ఫ్రెంచి వైద్యుడు వర్ణించాడు. ఒక్కొక్కసారి ఉండకు తోక పెరిగి చిన్న పేగుల్లోకి దిగుతుంది. 1968లో దానికి జర్మను కథలోని పొడుగు జడల పిల్ల రపుంజెల్ పేరు పెట్టారు. ఉండను తీయడం సర్జనుకు కష్టమైన పని కాదు. ఆ పిల్ల జుట్టు ఎందుకు తింటోంది, ఇంట్లో దేనికి భయపడుతోంది అన్నది తెలుసుకోకపోతే ఆపరేషను సగమే అయినట్టు. అక్కడ మానసిక వైద్యుడి సాయం కావాలి. కొట్టి మాన్పించే జబ్బు కాదిది.

లోపల మిగిలిపోయినవి

ఆపరేషను అయి ఏళ్లు గడిచాక కడుపులో గడ్డతో వచ్చేవారిలో, అరుదుగానైనా, గడ్డ అనుకున్నది పాత ఆపరేషనులో మరిచిపోయిన గుడ్డ కావచ్చు. రక్తం తుడవడానికి వాడే దూది గుడ్డ రక్తంలో తడిస్తే కండలాగే కనిపిస్తుంది. శరీరం దాని చుట్టూ పొర కడుతుంది. కొందరికి నెలల్లో చీము పడుతుంది, కొందరికి ఏళ్ల తరబడి తెలియదు. స్కానింగులో అచ్చం కణితిలా కనబడి సర్జనును బెదరగొడుతుంది. అందుకే ఇప్పుడు ఆ గుడ్డల్లో ఎక్స్‌రేకు కనిపించే దారం నేస్తారు. కడుపు మూసే ముందు నర్సు గుడ్డలు, పనిముట్లు లెక్కపెట్టి చెప్పాలి. లెక్క తేలకపోతే ఎంత పెద్ద సర్జను అయినా ఆగవలసిందే.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషనుకు ముందూ, మధ్యలో, చివరా పైకి చదివి సరిచూసుకోవలసిన ఒక పట్టిక తయారు చేసింది. న్యూఢిల్లీతో సహా 8 నగరాల ఆసుపత్రుల్లో దానిని వాడి చూస్తే మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయని 2009లో ప్రకటించారు. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. కాగితం ముక్క, నోరు విప్పి చెప్పే అలవాటు, అంతే.

యంత్రాలు వచ్చాక

ఇన్ని స్కానింగులు వచ్చాక కూడా జబ్బు దొరకకపోవడం ఏమిటని మీరడగవచ్చు. యంత్రాల మేలు తక్కువది కాదు. గ్లాస్గో ప్రొఫెసరు ఇయాన్ డోనాల్డ్, లోహాల్లో పగుళ్లు కనిపెట్టే పరికరాన్ని ఆధారం చేసుకుని అల్ట్రాసౌండును మనుషుల కడుపు మీద ప్రయత్నించాడు. కడుపు ఉబ్బిన ఒక స్త్రీకి జీర్ణకోశంలో నయంకాని క్యాన్సరని అందరూ ఆశ వదులుకున్నారు. పరికరం పెట్టి చూస్తే అది నీటితో నిండిన అండాశయపు తిత్తిలా కనిపించింది. కోసి తీస్తే ఆమె కోలుకుంది. 1958లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. 1971 అక్టోబరు 1న లండనులో హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన సి.టి. స్కానర్‌తో మొదటి రోగి మెదడును చూశారు. ఆయనకూ, కార్మాక్‌కూ 1979లో నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే స్కానింగు మనం అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది. స్కానింగు చీటీ మీద "కడుపునొప్పి" అని ఒక్క మాట వ్రాసి పంపితే, అవతలి డాక్టరు దేనికోసం వెదకాలి? "గొర్రెల కాపరి, పదేళ్లుగా గడ్డ, జ్వరం లేదు" అని వ్రాస్తే చూసే కన్ను మారిపోతుంది. యంత్రం మునుపటికంటే ఎక్కువగా చూపిస్తుంది. ఏం చూడాలో చెప్పవలసింది మాత్రం రోగి మాట విన్న మనిషే.

ఆలస్యం ఎక్కడ జరుగుతోంది?

పై కేసులన్నీ కలిపి చూస్తే ఆలస్యానికి మూడు కారణాలు కనిపిస్తాయి. డాక్టరు అలవాటైన జవాబు దగ్గర ఆగిపోవడం ఒకటి. రోగి కథలోని ముఖ్యమైన ముక్క, పాత దెబ్బో, కుక్కో, జడో, ఎవరూ అడగక, ఎవరూ చెప్పక మిగిలిపోవడం రెండవది. రోగి అసలు ఆసుపత్రికే ఆలస్యంగా రావడం మూడవది.

మన దగ్గర ఈ మూడవదే ఎక్కువ ప్రాణాలు తీసింది. కోతలయ్యాక చూద్దాం, పెళ్లయ్యాక చూద్దాం అని ఆడవాళ్లు నొప్పిని కొంగున కట్టుకుని తిరుగుతారు. చెబితే ఖర్చని నోరు మూసుకుంటారు. 2005లో 108 అంబులెన్సులు, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదవారికి ఈ దూరం కొంత తగ్గిన మాట నిజం. కాని బండి ఎక్కాలన్న నిర్ణయం ఇంట్లోనే జరగాలి కదా!

హాస్టలు మిత్రులకు నాలుగు మాటలు

అపెండిసైటిస్ మీ వయసు వారికే ఎక్కువగా వస్తుంది. కాబట్టి హాస్టలు గదుల్లో ఉండేవారు ఈ నాలుగు సంగతులు గుర్తుంచుకోండి.

ఒకటి: అంతవరకూ బాగున్న మనిషికి వచ్చిన తీవ్రమైన కడుపునొప్పి ఆరు గంటలు దాటినా తగ్గకపోతే, అది సర్జను చూడవలసిన నొప్పి అనుకోవాలి. జకరీ కోప్ అనే ఇంగ్లీషు సర్జను 1921లో వెలువరించిన తన పుస్తకంలో చెప్పిన సూత్రం ఇది. నేటికీ మేం పాటిస్తున్నాం. బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి దిగే నొప్పి, ఆకలి చచ్చిపోవడం, వాంతి, దగ్గితే పోటు, ఇవి ఉంటే ఆరు గంటలు కూడా ఆగవద్దు.

రెండు: మలబద్ధకం అనుకుని ఆముదం గాని, విరేచనాల మందు గాని తాగవద్దు. వాచిన అపెండిక్సు పగలడానికి అది దారితీయవచ్చు. గ్యాసు అనుకుని మాత్ర మీద మాత్ర మింగి రాత్రంతా పడుకోవద్దు. ఆసుపత్రికి బయలుదేరేటప్పుడు ఏమీ తినకండి, ఆపరేషను అవసరమైతే ఖాళీ కడుపు మేలు.

మూడు: డాక్టరుకు అంతా చెప్పండి. ఎప్పుడు మొదలైంది, పాత ఆపరేషన్లు, పాత దెబ్బలు, ఇంట్లో జంతువులు, మింగిన మందులు. సిగ్గుపడి దాచవద్దు. ఆడపిల్లలు నెలసరి సంగతి తప్పక చెప్పాలి. ఆ తేదీ ఒక్కటే ఒక్కోసారి నిర్ణయం మార్చేస్తుంది. పాత కాగితాలు, ఎక్స్‌రేలు పారేయకుండా ఒక సంచిలో పెట్టి వెంట తీసుకువెళ్లండి.

నాలుగు: వైద్యం చేసినా తగ్గకపోతే, "ఇది ఇంకేదైనా కావచ్చునా సార్?" అని మర్యాదగా అడగండి. అడగడం తప్పు కాదు. మంచి డాక్టరు ఆ ప్రశ్నకు కోప్పడడు, మళ్లీ ఒకసారి కడుపు మీద చెయ్యి వేసి చూస్తాడు.

పైన చెప్పిన వింతల్లో ఒక్కటీ మీ జీవితంలో ఎదురు కాకపోవచ్చు. కాని పక్క గదిలో స్నేహితుడు అర్ధరాత్రి కడుపు పట్టుకుని ముడుచుకుపోవడం ఎదురుకావచ్చు. అప్పుడు తెల్లవారనిద్దాం అనకుండా అతణ్ణి ఆసుపత్రికి తీసుకువెళ్లే విద్యార్థి ఒక్కడున్నా, ఈ వ్యాసం వ్రాసినందుకు నాకు ఫలితం దక్కినట్టే.